దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే మనకి టికెట్ కథ ఒక్కటేనా?

పింక్‌లైన్_ప్యాసింజర్
ఢిల్లీలో పీజీ చేస్తున్నాను. మా క్యాంపస్ దగ్గర మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. మొన్న క్లాసులో ఆ పేరు ప్రస్తావన వస్తే ఒకమ్మాయి "మహారాష్ట్ర లీడర్" అంది, అందరూ ఊఁ కొట్టేశారు. కాదు, రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ అని చెప్పాను. అయితే ఏం చేశారని అడిగారు. కాకినాడ కాంగ్రెస్‌లో టికెట్ లేదని నెహ్రూని గేటు దగ్గర ఆపేసిన సంగతి చెప్పాను. బావుంది, తర్వాత? అన్నారు. రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపించారు అన్నాను. అవి పరీక్షలో బిట్ పేపర్ జవాబుల్లాగే వచ్చాయి నా నోటి నుంచి. నాకు కోపం వచ్చింది వాళ్ళ మీద కాదు, మనకి బళ్ళో ఆవిడ గురించి ఆ పద్నాలుగేళ్ళ పిల్ల కథ దగ్గరే ఆపేసిన పద్ధతి మీద. ఆ తర్వాత ఇంకో 57 ఏళ్ళు బతికారు కదా ఆవిడ! తెలిసినవాళ్ళు రాయండి, అందులోనూ ప్రభుత్వంలో ఉండి ఏం చేశారో.

కాకినాడకాజా
టికెట్ కథ మా ఊరిది కాబట్టి దాన్ని తక్కువ చేస్తే ఒప్పుకోను 🙂 1923 డిసెంబరు, ఖద్దరు ప్రదర్శన, ఈ అమ్మాయి వాలంటీరు. టికెట్ లేనివాళ్ళని పంపొద్దన్నారు, పంపలేదు. పెద్దలు పరుగెత్తుకొచ్చి నెహ్రూకి టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది.

కానీ అంతకంటే పెద్ద కథ దానికి రెండేళ్ళ ముందే మా ఊళ్ళో జరిగింది. 1921 ఏప్రిల్‌లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళో దేవదాసీలు, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీని చూడాలి, ఆయన మాట వినాలి అని పట్టుబట్టింది. ఇక్కడి నాయకులు ఐదు వేల రూపాయలు నిధికి ఇస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ డబ్బు దేవదాసీలే పోగు చేసి ఇచ్చారు. ఐదు నిమిషాలకని వచ్చిన గాంధీ అరగంట పైగా ఉండిపోయారు. అక్కడున్న ఆడవాళ్ళు ఒంటి మీద నగలు తీసి ఇచ్చారు, మొత్తం పాతిక వేల దాకా తేలిందట. తర్వాతి బహిరంగ సభలో గాంధీ హిందుస్తానీ ఉపన్యాసాన్ని తెలుగులోకి చెప్పడానికి కొండా వెంకటప్పయ్య గారు సిద్ధంగా ఉంటే, ఈ పిల్లే చెప్పాలని గాంధీ గారు అడిగారు.

ఎవరి కోసం ఆ మీటింగు పెట్టించిందో చూడండి. ఊళ్ళో ఏ పెద్దింటి ఆడవాళ్ళూ పక్కన కూర్చోబెట్టుకోని మనుషుల కోసం. నన్నడిగితే పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది ఇది.

సెకండ్‌షో
పన్నెండేళ్ళకి నేను ట్యూషన్ ఎగ్గొట్టి సినిమాకి పోయేవాణ్ణి. ఆవిడ ఐదు వేలు పోగు చేయించి మీటింగు పెట్టించింది. దండం.

బల్లమీదబల్పం
రిటైర్డు టీచర్ని. ప్రశ్న ప్రభుత్వంలో చేసిన పని గురించి కాబట్టి అక్కడికే వస్తాను, కానీ ఆవిడ మొదట టీచరు అన్న సంగతి పట్టుకోకపోతే మిగతాది అర్థం కాదు. ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని చిన్నప్పుడే బడి మానేసింది. మానేసి ఊరుకోలేదు, ఆడపిల్లలకి, గృహిణులకి హిందీ నేర్పే పాఠశాల నడిపింది. అంటే తనకి బడి లేని వయసులో ఇంకొకరికి బడి పెట్టింది.

ఇంకో సంగతి. ఎనిమిదేళ్ళకి పెళ్ళి చేశారు. పదిహేనేళ్ళ వయసులో ఆ సంబంధం తనకొద్దని, ఇంకో పెళ్ళి చేసుకోమని ఆయనకే చెప్పింది. తండ్రి, తమ్ముడు ఆవిడ పక్షాన నిలబడ్డారు. 1920లలో గోదావరి జిల్లాలో ఒక మధ్యతరగతి ఇల్లు ఆ మాట భరించడానికి ఎంత గుండె కావాలో మా తరం వాళ్ళకి తెలుసు. నా సర్వీసులో, అంటే 1980లలో కూడా, పెళ్ళి కుదిరిందని తొమ్మిదో తరగతిలో బడి మానిన పిల్లలు ప్రతి ఏడూ ఉండేవాళ్ళు. ఇంటికెళ్ళి మాట్లాడితే "మాస్టారమ్మా, మీరు చదువు చెప్పండి చాలు" అనేవాళ్ళు.

ఎర్రఇంకు
అందరూ హారతి పడుతున్నారు కాబట్టి ఒకరైనా అడగాలి. 1952 ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు. ఆ వెంటనే నెహ్రూ ప్రణాళికా సంఘం సభ్యురాల్ని చేశారు. మరుసటి సంవత్సరం కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఛైర్మన్. జనం వద్దన్నాక పై నుంచి పదవి వచ్చింది, దాని గురించి ఎవరూ మాట్లాడరే? అప్పటి గోదావరి జిల్లాల్లో జనం ఎటు ఉన్నారో ఆ ఎన్నికల ఫలితాలే చెప్తాయి.

నల్లకోటు
ఎర్రఇంకు గారు, ఓడిపోయింది నిజమే, దాచాల్సిన పని లేదు. కానీ నెహ్రూ ఖాళీ చేతుల మనిషికి కుర్చీ వేశారన్నట్టు ఉంది మీ మాట. 1952 నాటికి ఆవిడ దగ్గరున్నది చూడండి.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. ప్రకాశం పంతులు, నాగేశ్వరరావు పంతులు వంటి పెద్దలు అరెస్టయ్యాక నడిపించిన వాళ్ళలో ఈవిడ ఉన్నారు, అప్పటికి ఇరవై ఏళ్ళు దాటాయంతే. 1930, 1933 మధ్య మూడుసార్లు జైలు. మధురై జైల్లో ఏడాది ఏకాంత ఖైదు, ఉరిశిక్ష పడ్డవాళ్ళ గదుల పక్కన. ఆరోగ్యం పాడైంది. అక్కడే ఆవిడ జీవితం మలుపు తిరిగింది అంటాను. జైల్లో చూసింది ఎవర్ని? హత్య కేసుల్లో పడ్డ చదువు రాని ఆడవాళ్ళని. కోర్టులో ఏం జరిగిందో తెలియదు, తమ తరఫున ఏం చెప్పుకోవచ్చో తెలియదు, వేలిముద్ర వేసి లోపలికొచ్చిన మనుషులు. బయటికొచ్చి లా చదవాలనుకున్నది అందుకే.

అయితే లా చదవాలంటే డిగ్రీ, డిగ్రీకి ముందు మెట్రిక్, ఆవిడకి అదీ లేదు. బడి మానేసి పదేళ్ళు దాటింది. బెనారస్ హిందూ యూనివర్సిటీకి మెట్రిక్ పరీక్ష రాసి, వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్, 1942లో మద్రాసులో లా, తర్వాత మద్రాసు హైకోర్టులో క్రిమినల్ ప్రాక్టీసు. నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు చేసే ఆడదాన్ని, ఈ రోజుకీ క్లయింట్లు నన్ను చూసి "సార్ ఎప్పుడొస్తారు" అని అడుగుతారు. 1942లో ఎలా నెగ్గుకొచ్చారో ఊహకందదు.

వాల్తేరుకెరటం
నల్లకోటు గారు వాల్తేరు ముక్క ఒక్క లైన్లో దాటేశారు, అది మా యూనివర్సిటీ కాబట్టి పూర్తిగా చెప్పాలి. సీటు అడిగితే వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి గారు ఆడపిల్లలకి హాస్టల్ లేదు, చేర్చుకోలేం అన్నారు. ఇంకెవరైనా అయితే ఇంటికెళ్ళిపోయేవాళ్ళు. ఈవిడ పేపర్లో ప్రకటన ఇచ్చారు, హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రమ్మని. వచ్చారు. వాళ్ళందర్నీ కలిపి హాస్టల్ పెట్టి, ఇప్పుడు చేర్చుకోండి అన్నారు. ఆనర్స్ చదవడానికి ముందు హాస్టల్ కట్టుకున్నట్టు లెక్క.

ఇప్పుడు అదే యూనివర్సిటీలో ఆవిడ పేరు మీద మహిళా అధ్యయన కేంద్రం ఉంది. నేను అక్కడే చదివాను, బోర్డు మీద పేరు చూసి లోపలికి వెళ్ళే పిల్లల్లో ఈ హాస్టల్ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఎర్రఇంకు
జైలు, చదువు, లా ప్రాక్టీసు వేటినీ నేను కాదనలేదు. నా ప్రశ్న ప్రభుత్వంలో పని మీద.

అడయార్‌గాలి
మద్రాసు తెలుగువాళ్ళ తరఫున ఒక పోస్టు. ఆంధ్ర మహిళా సభ మైలాపూర్‌లో మొదలైంది 1937లో. మొదట ఏదో పెద్ద సంస్థ పెడదామని కాదు. ఆడపిల్లల చిన్న క్లబ్బు, అందులో చదువు ఆగిపోయినవాళ్ళకి బెనారస్ మెట్రిక్‌కి కోచింగ్. తను రాసిన పరీక్షే ఇంకొకళ్ళ చేత రాయించడం. అక్కడి నుంచి కుట్టుపని, హాస్టల్, పత్రిక, ఆసుపత్రి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇప్పుడు అడయార్ దగ్గర ఆ ఆసుపత్రి ఉన్న రోడ్డు పేరే దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. మా అక్క ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారు. ఆటోవాళ్ళకి మాత్రం "ఆంధ్ర మహిళా సభా" అంటేనే తెలుస్తుంది.

మంజీరతీరం
హైదరాబాద్‌లో కూడా. విద్యానగర్ ఆసుపత్రి, ఓయూ క్యాంపస్‌లో ఆంధ్ర మహిళా సభ ఆడపిల్లల కాలేజీ, లిటరసీ హౌస్. మా చిన్నమ్మ ఆ కాలేజీలో డిగ్రీ. ఊరి నుంచి వచ్చిన అమ్మాయికి నగరంలో కోఎడ్ కాలేజీ అంటే మా తాత పంపేవాడు కాదు, అది ఆడపిల్లల కాలేజీ అన్నందుకే పంపాడు.

అయితే ఒక మాట. టీచరమ్మ, ఉద్యమం, తర్వాత ప్రభుత్వం అనే దారిలో నడిచినవాళ్ళు మా వైపు కూడా ఉన్నారు, వాళ్ళ పేరు మీద మెట్రో స్టేషన్లు లేవు. సంగం లక్ష్మీబాయి గారు ఘట్‌కేసర్‌లో పుట్టారు. గుంటూరు శారదా నికేతనంలో చదివారు, సైమన్ కమిషన్ వ్యతిరేక ఉద్యమం, ఉప్పు సత్యాగ్రహం, జైలు. హైదరాబాద్ రాష్ట్రంలో 1954 నుంచి 1956 వరకు విద్యాశాఖ ఉపమంత్రి. తర్వాత మూడుసార్లు లోక్‌సభకి గెలిచారు. సైదాబాద్‌లో అనాథ పిల్లల కోసం ఇందిరా సేవాసదన్ పెట్టింది ఆవిడే. ఈ థ్రెడ్ చదివేవాళ్ళలో ఎంతమంది ఆ పేరు విన్నారు?

బల్లమీదబల్పం
విన్నాను. బాగా గుర్తుచేశారు. ఆ శారదా నికేతనం ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారిది, 1922లో పెట్టారు. రాజమండ్రిలో దువ్వూరి సుబ్బమ్మ గారు ఇంకొకరు, సహాయ నిరాకరణలో జైలుకెళ్ళారు, ఆడవాళ్ళకి విద్యాలయం నడిపారు. అంటే దుర్గాబాయి ఒంటరిగా ఊడిపడలేదు. బడి పెట్టడమూ జెండా పట్టడమూ ఒకే పనిగా చూసిన ఆడవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. ఢిల్లీ దాకా ఆ పనిని తీసుకెళ్ళి సర్కారు ఖజానా నుంచి డబ్బు రాబట్టడం మాత్రం ఈవిడకే కుదిరింది.

కాకినాడకాజా
సుబ్బమ్మ గారి పేరు తెచ్చినందుకు బల్పం మేడమ్‌కి ఒక కిలో కాజా.

చెట్టుకిందచదువు
ఎర్రఇంకు గారు ప్రభుత్వంలో ఏం చేశారు అంటున్నారు కాబట్టి మా అమ్మమ్మ గురించి చెప్తాను.

అమ్మమ్మది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. ఐదో తరగతితో ఆపేశారు, పదమూడేళ్ళకి పెళ్ళి, పంతొమ్మిదేళ్ళకి ఇద్దరు పిల్లలతో పుట్టింటికి తిరిగొచ్చింది, తాతయ్య పోయారు. ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళున్నారు, కానీ వదిన చేతి కింద బతుకు ఎలా ఉంటుందో ఆవిడ ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, చెప్పకపోయినా మాకు తెలుసు. ఊరికి వచ్చిన ఒక గ్రామసేవిక కండెన్స్‌డ్ కోర్సు అని ఒకటుందని చెప్పింది. పెద్దవాళ్ళయిపోయిన ఆడవాళ్ళని రెండేళ్ళు కూర్చోబెట్టి మెట్రిక్‌కి తయారుచేస్తారు, ఉండటానికి చోటు, తిండి, స్టయిపెండు. పిల్లల్ని ముత్తమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్ళింది. ఊళ్ళో అనరాని మాటలన్నీ అన్నారు. మెట్రిక్ పాసై, టీచర్ ట్రైనింగు చేసి, సెకండరీ గ్రేడ్ టీచరుగా రిటైరైంది. మా అమ్మ, పిన్ని ఇద్దరూ ఉద్యోగస్తులు. నేను ఇక్కడ టైపు చేస్తున్నానంటే అందుకే.

ఆ కోర్సు పెట్టింది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1958లో, దుర్గాబాయి గారు ఛైర్మన్‌గా ఉన్నప్పుడు. అడయార్‌గాలి గారు చెప్పిన మైలాపూర్ కోచింగ్ క్లాసునే దేశమంతా పెట్టారు అన్నమాట. అమ్మమ్మకి ఈ సంగతి తెలియదు. దుర్గాబాయి పేరు కూడా ఆవిడ పెద్దగా తలిచేది కాదు, ట్రైనింగులో లెక్కలు చెప్పిన టీచరు పేరు మాత్రం చనిపోయేదాకా చెప్పింది.

పింక్‌లైన్_ప్యాసింజర్
చెట్టుకిందచదువు గారు, నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. బడి మానేసిన పిల్ల, ప్రైవేటుగా మెట్రిక్, మైలాపూర్‌లో కోచింగ్, వాల్తేరులో హాస్టల్, చివరికి 1958లో అదే పని ప్రభుత్వ పథకం. ఒకే మనిషి ఒకే పని చేస్తూ పోయింది. ఇన్నాళ్ళూ నాకు వీటిని విడివిడి ముక్కలుగా చెప్పారు.

ఎర్రఇంకు
మీ అమ్మమ్మ గారికి నమస్కారం, మనస్ఫూర్తిగా. అయినా నా అభ్యంతరం ఇంకా ఉంది, వినండి. బోర్డు పద్ధతి ఏంటి? మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకి సాయం కోసం నాలుగు కోట్లు. అంటే సర్కారు తను నేరుగా చేయకుండా సంస్థలకి గ్రాంటు ఇస్తుంది. జిల్లాల్లో ఆ సంస్థలు ఎవరివి? జమీందార్ల కోడళ్ళవి, లాయర్ల భార్యలవి, కలెక్టరు గారి భార్య అధ్యక్షురాలు. గ్రాంటు ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి ఒకే డ్రాయింగు రూములోవి. కూలి ఆడవాళ్ళకి హక్కుగా రావాల్సింది దానంగా వచ్చింది. మా ఊళ్ళో మహిళా మండలి అంటే ముగ్గురు పెద్దింటి ఆడవాళ్ళు, ఒక కుట్టు మిషను, దానికి తాళం.

సెకండ్‌షో
తాళం చెవి ప్రెసిడెంటు గారి కొంగున.

అడయార్‌గాలి
ఎర్రఇంకు చెప్పిన మహిళా మండలి మా మేనత్త వాళ్ళ ఊళ్ళో కూడా ఉండేది, కాబట్టి కొట్టిపారేయను.

నల్లకోటు
అభ్యంతరంలో సగం నిజం ఉంది. మిగతా సగానికి నా జవాబు. 1951 జనాభా లెక్కల్లో ఆడవాళ్ళ అక్షరాస్యత తొమ్మిది శాతం కూడా లేదు. పల్లెల్లో ఆడవాళ్ళ కోసం పనిచేయడానికి ప్రభుత్వానికి అప్పుడు సిబ్బందే లేరు. తహసీల్దారుకి శిస్తు వసూలు తెలుసు, బాలింతని చూడటం తెలియదు. ఉన్న సంస్థలకి డబ్బిచ్చి, వాళ్ళూ కొంత వాటా పెట్టుకోవాలని షరతు పెట్టి, రాష్ట్రాల్లో బోర్డులు వేసి వాటికి ఆడవాళ్ళనే పెట్టారు. అంతటితో ఆగలేదు కూడా. 1954 నుంచి గ్రామీణ సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు, సుమారు పాతిక ఊళ్ళకి ఒకటి. గ్రామసేవిక, మంత్రసాని, బాలవాడి, చేతిపని. పైన చెట్టుకిందచదువు వాళ్ళ అమ్మమ్మకి కోర్సు గురించి చెప్పిన గ్రామసేవిక గాల్లోంచి రాలేదు కదా. గ్రాంటు పెద్దిళ్ళ దగ్గర ఆగిపోయిన ఊళ్ళు ఉన్నాయి, ఒక మనిషిని లేపి నిలబెట్టిన ఊళ్ళూ ఉన్నాయి. రెండోది చెప్పుకోకుండా మొదటిదే చెప్తే న్యాయం కాదు.

బల్లమీదబల్పం
బాలవాడి మాట వచ్చింది కాబట్టి. ఇప్పటి అంగన్‌వాడీ 1975లో వచ్చింది. దానికి ముందు మా ఊరి బాలవాడిలో నేను ఆటలాడుకున్నాను. పాలపొడి పాలు ఇచ్చేవాళ్ళు, ఆ వాసన అంటే నాకు ఏడుపు వచ్చేది. అమ్మ పొలం పనికి పోతే పిల్లలకి అదే నీడ.

ప్రభుత్వంలో ఆవిడ చేసిన ఇంకో పెద్ద పని ఎవరూ ఎత్తలేదు. 1958లో ఆడపిల్లల విద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. మా బీఎడ్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ కమిటీ అని ఐదు మార్కుల ప్రశ్న. మగపిల్లల చదువుకీ ఆడపిల్లల చదువుకీ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడాన్ని కొన్నేళ్ళపాటు ప్రత్యేక సమస్యగా తీసుకుని దానికి విడిగా డబ్బు, విడిగా యంత్రాంగం పెట్టాలన్నది ఆ రిపోర్టు సారం. అందరితో పాటు వాళ్ళకీ వస్తుందిలే అంటే రాదని చెప్పారు. దాని తర్వాతే 1959లో మహిళా విద్యకి జాతీయ మండలి వచ్చింది, దానికీ మొదటి అధ్యక్షురాలు ఆవిడే.

వాల్తేరుకెరటం
సి.డి. దేశ్‌ముఖ్ గారి సంగతి కూడా చెప్పండి, లేకపోతే ఢిల్లీ వాళ్ళు మరాఠీ అనే అనుకుంటారు. ఆయన రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరు, అప్పటి ఆర్థికమంత్రి. ప్రణాళికా సంఘంలో కలిసి పనిచేశారు. 1953 జనవరిలో రిజిస్టరు పెళ్ళి, నెహ్రూ సాక్షి సంతకం చేశారు. ఆవిడకి 43, ఆయనకి 57. ఆ రోజుల్లో మన పేపర్లు ఎంత గోల చేసి ఉంటాయో.

కాకినాడకాజా
1923లో టికెట్ కొనుక్కొచ్చిన నెహ్రూ 1953లో ఉచితంగా సంతకం పెట్టారు 😄

అడయార్‌గాలి
హిందీ సంగతి ఎవరూ ముట్టుకోవట్లేదు, నేనే అంటాను. మా చెన్నైలో తమిళ మిత్రులకి ఈవిడ పేరు చెప్తే మొదటి మాట "హిందీ ప్రచారం చేసినావిడ కదా" అంటారు. 1937లో రాజాజీ బళ్ళలో హిందీ తప్పనిసరి చేయడం, దాని మీద ఉద్యమం, ఆ గాయం ఇక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. వాళ్ళకి ఏం చెప్పాలి?

నల్లకోటు
రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబరులో భాష మీద జరిగిన చర్చ చదవమనండి. ఈవిడ చిన్నప్పుడే హిందీ బడి పెట్టిన మనిషి. అలాంటి ఆవిడ లేచి, మేం ఎంతో ఇష్టంగా హిందీ నేర్చుకున్నాం, మీరు ఇప్పుడు చేస్తున్న ఉద్ధృత ప్రచారం చూసి దక్షిణాది వాళ్ళు బెదిరిపోతున్నారు అన్న అర్థంలో హిందీ వీరాభిమానుల్ని నిలదీశారు. ఆవిడ కోరింది హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ. హిందీ రానివాళ్ళకి సమయం ఇవ్వాలని, పదిహేనేళ్ళు ఉన్నది ఉన్నట్టు సాగనివ్వాలని పట్టుబట్టినవాళ్ళలో ఆవిడ ఒకరు. హిందీ నేర్పిన మనిషే నోటికి గరాటు పెట్టి పోయొద్దు అని చెప్పింది. బయటి నుంచి హిందీ వద్దనే మాట కంటే దీనికి బరువు ఎక్కువ.

ఆ సభలో అధ్యక్షుల ప్యానెల్‌లో, అంటే అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపేవాళ్ళలో, ఉన్న ఒకే ఒక్క మహిళ ఈవిడ. రాజ్యసభకి కనీస వయసు 35 అని ముసాయిదాలో ఉంటే 30కి దించమని సవరణ పెట్టింది కూడా ఈవిడే. అది నెగ్గింది, ఇప్పటికీ అదే 30.

అడయార్‌గాలి
ఇది చాలు, రేపు ఆఫీసులో పేలుస్తాను.

మంజీరతీరం
నల్లకోటు గారు, కుటుంబ న్యాయస్థానాల ఆలోచన కూడా ఆవిడదే అంటారు, మీరు లాయరు కాబట్టి చెప్పండి.

నల్లకోటు
అవును. చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ కోర్టులు చూసొచ్చి, 1953లోనే ఇక్కడ అలాంటివి కావాలని నెహ్రూతో, ఛాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతో మాట్లాడారు. చట్టం వచ్చింది 1984లో. ఆవిడ 1981 మే 9న పోయారు. నేను వారంలో రెండు రోజులు ఫ్యామిలీ కోర్టులోనే ఉంటాను. అక్కడ వాయిదాలు, ఎండలో చంటిపిల్లలతో నిలబడే ఆడవాళ్ళు, బెంచీలు చాలని వరండాలు చూస్తే ఆవిడ అడిగిన కోర్టు ఇది కాదు అనిపిస్తుంది. కోర్టు పేరు మారింది, భయం తగ్గలేదు. భరణం కేసులో ఒకావిడకి మూడు పూటలు అన్నం లేదు, కౌంటరు దాఖలుకి అవతలివాళ్ళు నాలుగోసారి టైము అడుగుతున్నారు. ఈ కోపం ఇక్కడ రాయకూడదేమో, కానీ రాయకుండా ఉండలేను.

చెట్టుకిందచదువు
రాయండి మేడమ్. దాని కోసమే కదా ఇక్కడికొచ్చేది.

ఎర్రఇంకు
నల్లకోటు గారి చివరి పోస్టు చదివాక ఒకటి అడుగుతాను, కొట్టుకోవడానికి కాదు. ఆవిడ తర్వాత ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆ పని ఎందుకు ముందుకి తీసుకెళ్ళలేకపోయారు? నా ఉద్దేశం, ఆవిడ కట్టినవన్నీ ఆవిడ మనిషితనం మీద, నెహ్రూకి ఫోన్ చేయగల చనువు మీద నిలబడ్డాయి. మనిషి వెళ్ళిపోయాక గ్రాంటు ఫైళ్ళు మిగిలాయి. కింద నుంచి కదలిక ఉంటే అలా జరగదు. ఇందుకే ఈశ్వరీబాయి గారిని నేను ఎక్కువ తలుస్తాను. సికింద్రాబాద్‌లో టీచరుగా పనిచేసిన దళిత మహిళ, రిపబ్లికన్ పార్టీ నాయకురాలు, 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి గెలిచి అసెంబ్లీలో ఒంటి గొంతుతో సర్కారుని ఉతికేసింది. ఎవరి ఫోనూ అక్కర్లేకుండా.

మంజీరతీరం
ఈశ్వరీబాయి గారి పేరు తీసినందుకు సంతోషం. కానీ ఒకరిని నిలబెట్టడానికి ఇంకొకరిని కూర్చోబెట్టక్కర్లేదు. ఒకరు లోపల ఉండి తలుపు తీశారు, ఒకరు బయట నిలబడి తలుపు బాదారు.

బల్లమీదబల్పం
అన్నీ ఆవిడతోనే పోయాయి అన్నది నేను ఒప్పుకోను. కాలేజీలు నడుస్తున్నాయి, ఆసుపత్రులు నడుస్తున్నాయి, ఢిల్లీలో ఆవిడ 1962లో మొదలుపెట్టిన సామాజిక అభివృద్ధి మండలి ఇంకా పరిశోధనలు చేస్తోంది. ఆ హైదరాబాద్ కాలేజీలో చదివి టీచర్లయినవాళ్ళు నాతో పనిచేశారు. వాళ్ళు చెప్పిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. ఇది ఫైళ్ళలో కనపడదు ఎర్రఇంకు గారూ, ఊళ్ళో ఎవరింట్లో మొదటి డిగ్రీ ఎవరిదో అడుగుతూ వెళ్తే కనపడుతుంది.

ఎర్రఇంకు
ఆ మాట ఆలోచిస్తాను టీచరమ్మా. నిధుల విషయంలో మాత్రం నా అభిప్రాయం నాదే.

వాల్తేరుకెరటం
1975లో పద్మవిభూషణ్, 1982లో తపాలా బిళ్ళ. మన దగ్గర మాత్రం విగ్రహాల వరసలో వెతుక్కోవాలి.

పింక్‌లైన్_ప్యాసింజర్
విగ్రహం కంటే ఒక పాఠం మేలు. మా క్లాసులో వచ్చే నెల పది నిమిషాలు మాట్లాడమన్నారు. దేవదాసీల మీటింగు, మధురై జైలు, వాల్తేరు హాస్టల్, కండెన్స్‌డ్ కోర్సు, 1949 ప్రసంగం. టికెట్ కథకి టైముండదు. చెట్టుకిందచదువు గారు, అమ్మమ్మ గారి సంగతి పేరు లేకుండా చెప్పొచ్చా?

చెట్టుకిందచదువు
చెప్పండి. వదిన సంగతి వద్దు, మిగతాదంతా చెప్పండి. లెక్కల టీచరు మాట తప్పకుండా చెప్పండి.

కాకినాడకాజా
టికెట్ కథకి టైముండదు అన్న మాట మా ఊరి తరఫున ఖండిస్తున్నాను.

బల్లమీదబల్పం
మంజీరతీరం గారు, సంగం లక్ష్మీబాయి గారి మీద విడిగా థ్రెడ్ తెరవండి. ఇందులో కలిపితే ఆవిడ మళ్ళీ కింద పడిపోతారు.

మంజీరతీరం
తెరిచాను, పక్కనే ఉంది. ఈశ్వరీబాయి గారి గురించి కూడా అందులోనే రాయండి. ఎల్లారెడ్డి వాళ్ళు, సైదాబాద్ వాళ్ళు ఎవరైనా ఉంటే ముందు మీరు రాయండి, ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడిగి.